ఆఖరి పంటు లోపు

నర్సాపురం టౌనుహాల్లో రెండొందల పన్నెండు కుర్చీలు.
వేసింది నేనే, కాబట్టి లెక్క తెలుసు.
మైకు నాది, తీగలు నావి,
మధ్యమధ్యలో ఈలవేసే ఈ యాంప్లిఫైయరు
మా నాన్న నాటిది.

స్టేజీ మీద మంగతాయారు ఒక్కతే.
ఒక స్టూలు, ఒక రేకుపెట్టె, అరవై రెండేళ్లు.
"నా కథేనండి. పాటలుండవు.
రికార్డింగ్ డాన్సు అనుకుని వచ్చినోళ్లుంటే
ఇప్పుడే లేచెళ్లిపోండి, ఏమీ అనుకోను."
నవ్వారు.
ఆ నవ్వు నాకు తెలుసు.
వెనక వరసలో పుట్టి ముందుకు పాకే నవ్వు,
తీర్థాల్లో ఆవిడ గజ్జె కట్టకముందే వచ్చేసేది.

పెట్టెలోంచి మోకాలిపట్టీ తీసింది.
తమ్ముడి పరీక్ష ఫీజు ఏ ఊళ్లో గెంతితే వచ్చిందో చెప్పింది.
పైటకి పిన్నీసుతో గుచ్చిన రూపాయినోటు
పైటతో ఆగదని చెప్పింది.

మూడో వరసంతా లేసు అల్లే ఆడాళ్లు.
చీకట్లోనూ వేళ్లాడుతూనే ఉంటాయి, కళ్లతో పనిలేదు.
పిన్నీసు మాట దగ్గర దయామణి సూది ఆగింది.
పక్కావిడది ఆగింది.
ఆ పక్కావిడది.
వరసంతా ఆగిపోవడం
నాకు వినబడిందంటే మీరు నమ్మరు.

రిటైర్డ్ తాసీల్దారు గారు కాలు మీద కాలు మార్చి
"కళ తక్కువైందండీ, గోడు ఎక్కువైంది" అన్నారు,
గుసగుసే అనుకుని, హాలంతటికీ.
బంగారుకొట్టు కుర్రాడు ఫోనులో తీస్తూ తీస్తూ
ఎందుకో దించేసి ఒళ్లో బోర్లా పెట్టుకున్నాడు.
రేవు దగ్గరి కొల్లాటి ముత్యాలు
ప్రతి ఊరి పేరుకీ తలూపుతున్నాడు.
అంతర్వేది. ఆయ్.
మొగల్తూరు. ఆయ్.
పేరుపాలెం. ఆయ్, నేనున్నాగా!

"తర్వాతదో లంకూరు. పేరు చెప్పనండి."
ముత్యాలు తల అక్కడ ఆగింది.

"బల్లల సందులో కాలు దిగబడింది.
చాలండీ, పాట ఆపండీ అని అరిచాను.
మైకుసెట్టు అబ్బాయి నా వంకే చూశాడు.
చూసి,
సౌండు పెంచాడు."

హాలు ఘొల్లుమంది.
పెంచాడు అన్నచోట వేళ్లు గుండ్రంగా తిప్పి చూపింది లెండి,
నిజంగానే నవ్వొచ్చేలా తిప్పింది.
సగంలో తెలిసొచ్చినోళ్లు కొందరు మింగేశారు,
కొందరు దగ్గులోకి దింపుకున్నారు.

నా చెయ్యి ఆ బొత్తాం మీదే ఉంది.

పంతొమ్మిదేళ్లు నాకప్పుడు.
ప్రెసిడెంటు గారి మనిషి భుజం మీద చెయ్యేసి
పెంచరా ఏసోబూ అన్నాడు.
చెయ్యేశాడంతే, నొక్కను కూడా లేదు.

ఎనిమిదింపావుకి సఖినేటిపల్లి ఆఖరి పంటు.
ఇరవై మంది దాకా లేచారు, వంగి వంగి,
చెప్పులు చేత్తో పట్టుకుని.
అలిగి వెళ్తున్నారనుకుని తాసీల్దారు గారు తృప్తిగా చూశారు.
ఒకావిడ మాత్రం గుమ్మం దాకా వెనక్కి వెనక్కి నడిచింది,
స్టేజీ వంకే చూస్తూ,
ఎవరి కాలో తొక్కి.

అయిపోయాక చప్పట్లు వెంటనే రాలేదు.
అయిందో లేదో తెలీక.
పదేళ్ల పిల్ల లేచి అడిగింది:
"మోకాలు ఇంకా నొప్పెడతందా అండి?"
"వానొచ్చే ముందు" అంది మంగతాయారు.
అప్పుడు కొట్టారు.

కాలరు మైకు విప్పి నా చేతిలో పెట్టింది.
"చివర్లో గొంతు పోతుంటే కాస్త పెంచావు కదూ.
తెలిసింది."
ఏం తెలిసిందో అడగలేదు.
ఆయ్ అన్నాను.
మోచేతికి తీగ చుడుతూ చుట్టలు లెక్కతప్పాను.

కుర్చీలు మడుస్తుంటే మూడో వరసలో
సగం అల్లిన లేసుపువ్వు, సూది అందులోనే.
జేబులో వేసుకుంటే తొడకి గుచ్చుకుంది.
పొద్దున్నే దయామణి వెతుక్కుంటుంది.
ఏటిమీద పంటు కూత వినబడింది.
యాంప్లిఫైయరు పెట్టెలో పెట్టబోతే
ఇంకా వెచ్చగానే ఉంది.